చిన్న ఊరి సర్కారు బడి: పిల్లల సంఖ్య ఏం చెబుతుంది, చదువు ఎలా తెలుస్తుంది

జూన్‌లో బడులు తెరిచాక చిన్న ఊళ్లలో, పట్టణాల చివర ఉన్న మొహల్లాల్లో ఒకే మాట వినిపిస్తుంది. ‘మన బడిలో పిల్లలు తగ్గిపోయారు, చదువు కూడా అంతంత మాత్రమే’ అని. ఈ మాటలో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి పిల్లల సంఖ్య, రెండోది చదువు. ఈ రెండూ ఒకదాన్నొకటి కిందికి లాగుతాయి. పిల్లలు తగ్గితే టీచర్ పోస్టు పోతుంది. టీచర్ పోతే చదువు పలచబడుతుంది. అది చూసి మిగిలిన కుటుంబాలు కూడా పిల్లల్ని తీసేస్తాయి.

వందల మంది పిల్లలున్న పెద్ద బడిలో పది మంది వెళ్లిపోయినా పెద్దగా తెలియదు. ముప్పై నలభై ముస్లిం ఇళ్లున్న చోట, అందులోనూ ఉర్దూ మీడియం బడి ఉన్న చోట, ఐదారుగురు పిల్లలు మారితే బడి భవిష్యత్తే మారిపోతుంది. అందుకే ఈ లెక్కలు ఎలా పని చేస్తాయో ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి.

పిల్లలు ఎంతమంది ఉంటే టీచర్లు ఎంతమంది?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆ చట్టం షెడ్యూల్ ప్రకారం 1 నుంచి 5 తరగతుల బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలి. 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు. 150 దాటితే ఐదుగురు టీచర్లతో పాటు ఒక హెడ్మాస్టర్ కూడా ఉండాలి.

కాగితం మీద ఇది చక్కగానే ఉంది. కానీ రాష్ట్ర ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు రేషనలైజేషన్ పేరుతో పోస్టుల సర్దుబాటు ఉత్తర్వులు ఇస్తాయి. పిల్లలు బాగా తక్కువున్న బడిలో ఒక టీచర్‌ని ఉంచి రెండో పోస్టును పిల్లలు ఎక్కువున్న బడికి మార్చడం ఇలాంటి సర్దుబాటులోనే జరుగుతుంది. యూడైస్ ప్లస్ 2024-25 వివరాల ప్రకారం దేశంలో ఒకే టీచర్‌తో నడిచే బడులు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో దాదాపు 33 లక్షల 76 వేల మంది పిల్లలు చదువుతున్నారు. ఇలాంటి బడులు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. అదే ఏడాది ఒక్క పిల్లవాడు కూడా చేరని బడులు దేశంలో 7,993 ఉంటే, అందులో 2,245 తెలంగాణవి. పశ్చిమ బెంగాల్ తర్వాత రెండో స్థానం తెలంగాణదే.

రెండో టీచర్ పోతే పిల్లలకి ఎంత నష్టమో చిన్న లెక్కతో చూడొచ్చు. 1 నుంచి 5 తరగతులకి ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 గంటల బోధన ఉండాలని చట్టం చెబుతుంది. అంటే రోజుకి 4 గంటలు, 240 నిమిషాలు. ఒకే టీచర్ ఐదు తరగతులకి ఆ సమయాన్ని సమానంగా పంచితే ఒక్కో తరగతికి వచ్చేది 48 నిమిషాలు. అందులోనే భాష, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ అవ్వాలి. ఇద్దరు టీచర్లుంటే ఒక్కో తరగతికి 96 నిమిషాలు వస్తాయి. టీచర్లు రెండు మూడు తరగతుల్ని కలిపి కూర్చోబెట్టి కొంత సర్దుకుంటారు గానీ, అసలు లెక్క ఇదే. ఒకే టీచర్ ఉన్న బడిలో ఆయనకి జ్వరం వచ్చినా, ట్రైనింగ్ పడినా, మండల ఆఫీసులో మీటింగ్ ఉన్నా పక్క బడి నుంచి ఎవరైనా రావాలి. ఎవరూ రాకపోతే ఆ రోజు చదువు లేనట్టే.

ఆంధ్రప్రదేశ్‌లో తరగతుల విలీనం

పిల్లల సంఖ్య మీద ఉత్తర్వులు ఎంత ప్రభావం చూపుతాయో చెప్పడానికి జీవో 117 మంచి ఉదాహరణ. 2022 జూన్‌లో వచ్చిన ఈ ఉత్తర్వుతో ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకి కలిపే పని సాగింది. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది అప్పటి ప్రభుత్వం వాదన. ఎనిమిదేళ్ల పిల్లలు రోడ్లు దాటి దూరం నడవాల్సి వస్తోందన్నది చాలామంది తల్లిదండ్రుల బాధ. 2025 మేలో ప్రభుత్వం ఈ విధానాన్ని పక్కనపెట్టి బడుల్ని కొత్త రకాలుగా విభజించింది. వాటిలో మోడల్ ప్రైమరీ స్కూల్ ఒకటి. అందులో ఒక్కో తరగతికి ఒక్కో టీచర్ ఉండాలన్నది ఉద్దేశం.

ఇక్కడ తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఊరి బడిలో 2022 తర్వాత పిల్లలు సగానికి పడిపోయినట్టు కనిపిస్తే, అందరూ బడి మానేశారని అనుకోకూడదు. మూడు తరగతులు వేరే బడి రిజిస్టర్‌లోకి వెళ్లి ఉండొచ్చు. సంఖ్యని పోల్చేటప్పుడు ఆ ఏడాది బడిలో ఏ ఏ తరగతులు ఉన్నాయో ముందు అడగాలి.

మూడు లెక్కలు, మూడూ వేరు

షాపు నడిపేవాళ్లకి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. ఖాతా పుస్తకంలో రాసింది వేరు, గల్లాపెట్టెలో ఉన్నది వేరు. బడిలో కూడా అంతే.

మొదటిది రిజిస్టర్‌లో ఉన్న పేర్ల సంఖ్య. టీచర్ పోస్టులు చూసేది దీని మీదే. రెండోది రోజూ బడికి వచ్చే పిల్లల సంఖ్య, అంటే హాజరు. 24 పేర్లున్న బడికి రోజూ 15 మందే వస్తుంటే చదువు జరిగేది ఆ 15 మందికే. మూడోది ఊళ్లో, మొహల్లాలో 6 నుంచి 10 ఏళ్ల మధ్య ఉన్న మొత్తం పిల్లల సంఖ్య. దీన్ని చాలామంది అసలు లెక్కపెట్టరు.

ఒక మొహల్లాలో ఆ వయసు పిల్లలు 40 మంది ఉన్నారనుకుందాం. అందులో సర్కారు బడికి 22 మంది, ప్రైవేటు బడికి 13 మంది, నానమ్మ, అమ్మమ్మల ఊళ్లలో ముగ్గురు, ఎక్కడా చేరనివాళ్లు ఇద్దరు. ఇలా రాసుకుంటేనే అసలు విషయం బయటపడుతుంది. 22 అనే ఒక్క అంకె చూస్తే బడి చిన్నదని మాత్రమే తెలుస్తుంది. 40లో 22 అంటే సగానికి పైగా కుటుంబాలకి ఇప్పటికీ ఆ బడే దిక్కు అని తెలుస్తుంది. ఎక్కడా చేరని ఆ ఇద్దరు పిల్లలు మాత్రం ఏ బడి రిజిస్టర్‌లోనూ కనబడరు. వాళ్ల సంగతి మొహల్లాకే తెలుస్తుంది.

సంఖ్య తగ్గడానికి కారణాలు కూడా ఒకటి కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలే ఉండటం వల్ల ఊళ్లో పిల్లలే తగ్గి ఉండొచ్చు. పని కోసం కుటుంబాలు హైదరాబాద్‌కో బెంగళూరుకో పోయి ఉండొచ్చు. ప్రైవేటు బడి వ్యాన్ ఇంటి ముందుకే రావడం మొదలై ఉండొచ్చు. తెలంగాణలో మైనారిటీ గురుకులాల్లో ప్రవేశం 5వ తరగతి నుంచే ఉంటుంది. కాబట్టి 4వ తరగతి అయిపోయిన పిల్లలు అక్కడ సీటు తెచ్చుకుని వెళ్తే ఊరి బడి 5వ తరగతి ఖాళీ అవుతుంది. ఇది బడి వైఫల్యం కాదు. ఆ పిల్లల్ని ప్రవేశం దాకా తెచ్చింది ఆ బడే.

ఇంకో సంగతి. యూడైస్ ప్లస్‌లో 2022-23 నుంచి ప్రతి పిల్లవాడి వివరాలు విడివిడిగా నమోదు చేస్తున్నారు. అంతకుముందు బడి మొత్తానికి ఒక అంకె ఇచ్చేవాళ్లు. కొత్త పద్ధతిలో ఒకే పేరు రెండు బడుల్లో ఉంటే దొరికిపోతుంది. అందుకని అప్పటి సంఖ్యని, ఇప్పటి సంఖ్యని నేరుగా పోల్చి ‘ఇంతమంది తగ్గారు’ అనడం సరికాదు.

ఉర్దూ మీడియం బడుల చిక్కులు

ప్రాథమిక దశలో భాషా మైనారిటీల పిల్లలకి మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతుంది. ఇది 1956లో ఏడో సవరణతో వచ్చింది. వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలని విద్యా హక్కు చట్టం కూడా అంటుంది. తెలంగాణ 2017లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2022లో ఆ పని చేసింది.

అయినా ఉర్దూ మీడియం ప్రాథమిక బడులు చిక్కిపోతున్నాయంటే దానికి కొన్ని ప్రత్యేక కారణాలు ఉన్నాయి. మొదటిది టీచర్ల ఖాళీలు. డీఎస్సీలో ఉర్దూ మీడియం పోస్టులకి కూడా రిజర్వేషన్ రోస్టర్ వర్తిస్తుంది. ఎస్సీ, ఎస్టీలకి కేటాయించిన పోస్టులకి ఉర్దూ మీడియంలో చదివిన అభ్యర్థులు దొరకరు. ఆ పోస్టులు అలాగే ఖాళీగా మిగిలిపోతాయి. వాటి విషయంలో ఏదో ఒక మార్గం చూడాలని రెండు రాష్ట్రాల్లోనూ ఉర్దూ సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి.

రెండోది 5వ తరగతి తర్వాత దారి. దగ్గర్లో ఉర్దూ మీడియం హైస్కూలు లేకపోతే, ఐదేళ్లు ఉర్దూలో చదివిన పిల్లవాడు ఆరో తరగతిలో ఒక్కసారిగా వేరే మీడియంలో కూర్చోవాలి. ఆ భయంతోనే కొందరు తల్లిదండ్రులు ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు మీడియం వైపు వెళ్తున్నారు. ఇది ఉర్దూ మీద ప్రేమ తగ్గడం కాదు, ముందు దారి కనబడకపోవడం.

మూడోది ఇంటి భాష. రాయలసీమలో, తెలంగాణలో చాలా ఇళ్లలో దక్కనీ మాట్లాడతారు. కోస్తాలోనూ సీమలోనూ ఉన్న దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల్లో చాలామందికి ఇంటి భాష తెలుగే. కాబట్టి ముస్లిం పిల్లలు అనగానే ఉర్దూ మీడియం అనో, తెలుగు మీడియం అనో గంపగుత్తగా తేల్చలేం. పిల్లవాడికి ఇంట్లో ఏ భాష అర్థమవుతుందో ఆ భాషలో మొదటి రెండేళ్లు గట్టిగా చదవడం వస్తే, ఆ తర్వాత మిగతా భాషలు అందుకోవడం తేలిక. ఉర్దూ మీడియం బడి లేని చోట ఉర్దూని ఒక సబ్జెక్టుగా చెప్పించమని అడగడం కూడా ఒక మార్గమే.

ముస్లిం పిల్లలు సర్కారు బడికి రాకుండా అంతా మదర్సాలకే పోతారన్న ఒక మాట ఉంది. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ మాట తప్పని చూపించింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలో చదివేవాళ్లు దాదాపు 3 శాతమే. అదే నివేదిక, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం దాకా బడి మొహమే చూడనివాళ్లు, లేదా మధ్యలో మానేసినవాళ్లు అని కూడా చెప్పింది. అంటే అసలు ప్రశ్న మదర్సానా బడా అన్నది కాదు, బడిలో ఉన్నారా లేరా అన్నది.

చదువు ఎలా ఉందో ఎలా తెలుసుకోవాలి?

చిన్న బడి విషయంలో శాతాలు మోసం చేస్తాయి. 3వ తరగతిలో ఐదుగురే ఉంటే ఒక్క పిల్లవాడు 20 శాతం. పోయినేడు నలుగురు బాగా చదివితే 80 శాతం, ఈ ఏడాది ముగ్గురైతే 60 శాతం. పేపర్లో చూస్తే బడి కుప్పకూలినట్టు ఉంటుంది. నిజానికి తేడా ఒక్క పిల్లవాడిది. ఆ ఒక్కడు మూడు నెలలు ఊళ్లో లేకపోయి ఉండొచ్చు.

దేశం మొత్తం మీద జరిగే సర్వేలు కూడా ఒక్కో బడి సంగతి చెప్పవు. 2024 డిసెంబర్ 4న జరిగిన పరఖ్ సర్వేలో 3, 6, 9 తరగతుల పిల్లల్ని పరీక్షించారు. అది ఎంపిక చేసిన బడుల్లోనే జరిగింది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే గ్రామాల్లో కొన్ని ఇళ్లని ఎంచుకుని పిల్లల్ని చదివించి చూస్తుంది. అసర్ 2024 ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో అది 16.3 శాతం ఉండేది. మెరుగైంది, కానీ ఇప్పటికీ నలుగురిలో ఒక్కరు కూడా కాదు. ఇది దేశం పరిస్థితి. ఊరి బడిలో ఏం జరుగుతోందో తెలియాలంటే పిల్లవాడి చేతికి పుస్తకం ఇచ్చి చూడాల్సిందే.

దానికి పెద్ద చదువు అక్కర్లేదు. 2021 జూలైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం కొన్ని గుర్తులు ఇచ్చింది. ఒకటో తరగతి అయ్యేసరికి 99 వరకు, రెండో తరగతికి 999 వరకు, మూడో తరగతికి 9,999 వరకు అంకెలు చదవడం, రాయడం రావాలి. మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. తెలంగాణలో 2022 నుంచి నడుస్తున్న తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశం కూడా ఈ పునాదే.

ఇంట్లో చేయగలిగింది ఇది. పిల్లవాడు ఎప్పుడూ చూడని రెండో తరగతి పాఠం ఒకటి ఇచ్చి చదవమనాలి. తన పుస్తకంలోది ఇస్తే కంఠస్థం వచ్చింది అప్పజెబుతాడు. చదివాక ‘ఇందులో ఏం జరిగింది?’ అని ఇంటి భాషలో అడగాలి. తర్వాత 63లో నుంచి 28 తీసేయమనాలి. పక్క నుంచి అప్పు తెచ్చుకునే తీసివేత వస్తే రెండో తరగతి లెక్కల పునాది పడినట్టే. చదవలేకపోతే పిల్లవాడిని తిట్టకుండా ఎక్కడ ఆగిపోయాడో చూడాలి. అక్షరం దగ్గరా, పదం దగ్గరా, వాక్యం దగ్గరా? ఆ సంగతి టీచర్‌కి చెబితే ఆయన పని కూడా సులువవుతుంది. అమ్మీకి చదువు రాకపోతే పెద్ద అక్కో, పక్కింటి కాలేజీ పిల్లో పది నిమిషాల్లో ఈ పని చేయగలరు.

ఖర్చు లెక్క

సర్కారు బడిలో ఫీజు లేదు. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం కింద 2025 జూన్‌లో ఒక్కో పిల్లవాడికి రూ.15,000 ప్రకటించి, అందులో రూ.2,000 బడి నిర్వహణకి పట్టుకుని రూ.13,000 తల్లుల ఖాతాలో వేశారు. ఇది సర్కారు, ప్రైవేటు బడులు రెండిటికీ వర్తిస్తుంది. కాబట్టి డబ్బు కోసం ఏ బడి అన్న లెక్క ఇక్కడ లేదు.

మైనారిటీ పిల్లలకి కేంద్రం ఇచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఒకప్పుడు ఒకటో తరగతి నుంచే ఉండేది. 2022-23 నుంచి దాన్ని 9, 10 తరగతులకే పరిమితం చేశారు. చిన్న తరగతుల పిల్లలకి అప్లై చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రైవేటు బడిని చూసేటప్పుడు ఫీజుతో పాటు వ్యాన్, పుస్తకాలు, బూట్లు, ట్యూషన్ అన్నీ కలిపి ఏడాది లెక్క వేయాలి. పైన చెప్పిన చదివే పరీక్ష అక్కడి పిల్లలకి కూడా పెట్టి చూడాలి. అక్కడా రెండో తరగతి పాఠం రాకపోతే ఆ డబ్బు దేనికి కడుతున్నట్టు?

తల్లిదండ్రుల చేతిలో ఉన్నవి

ప్రతి బడికి 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 28తో, తెలంగాణలో 36తో మొదలవుతుంది. హెడ్మాస్టర్‌ని అడిగి రాసుకుంటే, యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో ఆ బడి రిపోర్టు కార్డు చూడొచ్చు. ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, మరుగుదొడ్లు, తాగునీరు, ఏ మీడియం అన్న వివరాలు అందులో ఉంటాయి. ఉన్నదానికీ రాసినదానికీ తేడా ఉంటే అడిగే హక్కు తల్లిదండ్రులకి ఉంది.

అడగడానికి చోటు కూడా చట్టమే ఇచ్చింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. పేరు రాసి సంతకం పెట్టి రావడం వేరు. ‘రెండో టీచర్ ఎప్పుడొస్తారు, ఖాళీ ఎప్పటి నుంచి ఉంది’ అని తీర్మానం రాయించి మండల విద్యాధికారికి పంపించడం వేరు.

ప్రవేశం విషయంలో కొన్ని సంగతులు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని ఏ బడీ పిల్లవాడిని వెనక్కి పంపకూడదు. టీసీ ఆలస్యమైందని కూడా ఆపకూడదు. బడి మానేసిన పిల్లవాడిని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన చదువుకి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇవన్నీ విద్యా హక్కు చట్టంలో ఉన్నవే. ఆధార్‌లో, బడి రిజిస్టర్‌లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి. షేక్ అన్న ఒక్క ఇంటిపేరునే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే తర్వాత పథకాల దగ్గర ఇబ్బంది వస్తుంది.

యూడైస్ లెక్కలకి సెప్టెంబర్ 30ని ప్రామాణిక తేదీగా చూడటం ఆనవాయితీ. అందువల్ల పిల్లవాడిని ఆ బడిలోనే చదివించాలనుకుంటే జూన్‌లోనే చేర్చాలి. పండగ అయ్యాక చూద్దాం, దసరా సెలవుల తర్వాత చూద్దాం అనుకుంటే ఆ పేరు లెక్కలోకి రాకపోవచ్చు.

ఒక్క కుటుంబం తన పిల్లవాడిని సర్కారు బడిలో ఉంచితే బడి నిలబడదు. ఆ కుటుంబాన్ని తప్పుపట్టలేం, వేరే బడికి వెళ్లిన కుటుంబాన్నీ తప్పుపట్టలేం. ఎవరి పిల్లల మంచి వాళ్లు చూసుకుంటారు. కానీ చిన్న మొహల్లాలో ఈ నిర్ణయాన్ని ఎవరికి వాళ్లు విడిగా తీసుకుంటే ఫలితం అందరి మీదా పడుతుంది. వ్యాన్ ఫీజు కట్టగలిగినవాళ్లకి ఇంకో బడి ఉంటుంది. కట్టలేనివాళ్ల పిల్లలకి, ఒంటరిగా దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్లలకి ఊరి బడి తప్ప ఇంకోటి ఉండదు. ఏప్రిల్‌లోనే పది ఇళ్లవాళ్లు మస్జిద్ దగ్గరో, బడి అరుగు మీదో కూర్చుని, ఊళ్లో ఎంతమంది పిల్లలున్నారు, ఎవరు ఎక్కడ చేరుతున్నారు, టీచర్ కోసం ఏం అడగాలి అని ఒక కాగితం మీద రాసుకోవచ్చు. జూన్‌లో బడి తెరిచేరోజు ఆ కాగితం హెడ్మాస్టర్ చేతిలో ఉంటే, ఆయన కూడా పై అధికారులతో మాట్లాడేటప్పుడు ధైర్యంగా మాట్లాడగలుగుతారు.